నలుగురు వెండర్ల మధ్య ఒక క్లెయిము

అమ్మలూ,

మీ హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీలో ఐటీ వెండర్లందరినీ నీకే అప్పగించారని మీ నాన్న చెప్పాడు. పాలసీల వివరాలుండే కోర్ సిస్టమ్ ఒకరిది, పోర్టల్ ఇంకొకరిది, సర్వర్లు వేరొకరివి, కంపెనీ తరఫున క్లెయిములు చూసే బయటి సంస్థ, అదే టీపీఏ, దాని సిస్టమ్ మళ్లీ వేరట. పంచడం తప్పు కాదు. అంతా ఒక్కరి చేతిలో పెడితే రెన్యువల్‌కి వాళ్లు చెప్పిందే రేటు. కానీ పదిమందిలో పాము చావదు అంటారే, అది నేను కళ్లారా చూశాను.

ఒకసారి ఉదయమే డిశ్చార్జి రాసిన ఒక పెద్దాయన చీకటి పడేదాకా ఆసుపత్రిలోనే ఉండిపోయాడు. బిల్లు పంపేశామని టీపీఏ, మాకు రాలేదని కోర్ సిస్టమ్ వాళ్లు. తీరా చూస్తే, మధ్యలో ఒక ప్రోగ్రాం పాలసీ నంబరు ముందున్న సున్నాలను తినేస్తోంది. తమాషా ఏమిటంటే ఆ నెల వెండర్ల రిపోర్టులన్నీ అంతా బాగున్నట్టు ఆకుపచ్చగానే వచ్చాయి. ఎవరి ఎస్ఎల్ఏ, అంటే ఒప్పందంలో రాసిచ్చిన సేవా హామీ, వాళ్లు నిలబెట్టుకున్నారు. పెద్దాయన కొడుకు చేత తిట్లు తిన్నది నేను. ఆ అబ్బాయిది తప్పనను.

అప్పట్లో తిట్లతో పోయింది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి 3 గంటల్లో ఇవ్వాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వేస్తే అది కంపెనీయే కట్టుకోవాలి. అందుకే ఆ 3 గంటల్లో ఎవరి వాటా ఎన్ని నిమిషాలో ప్రతి ఒప్పందంలోనూ రాయించు. ఫిర్యాదుకి ఒకే టికెట్ నంబరు, అది అందరి దగ్గరా నడవాలి. "మాది కాదు" అన్నవాడు లాగ్, అంటే సిస్టమ్‌లో నమోదైన రికార్డు, చూపించి అనాలి. ఒకరి సిస్టమ్ నుంచి ఇంకొకరి దానికి ఏ సమాచారం ఏ రూపంలో వెళ్తుందో రాసిన పత్రం మాత్రం వెండర్ల చేతికి వదలకు. దాన్ని రాసే మనిషి మీ జీతం మీదే ఉండాలి. ఖర్చు అంటారు, అననీ.

డేటా లీకైతే, కంటపడిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాలని 2022 నుంచి ఉంది కదా. వెండరు నీకు మర్నాడు చెబితే ఏం లాభం? వాళ్లకి గంటే గడువు పెట్టు.

ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి ఆఖరి పక్షంలో సాఫ్ట్‌వేర్ కొత్త రిలీజులు వద్దు. ఎవరు బతిమాలినా సరే.

ఒప్పందం ముగిస్తే డేటా ఎలా అప్పగిస్తారో సంతకానికి ముందే తేల్చుకో. తర్వాత అడిగితే ప్రతి ఫైలుకీ బిల్లు వేస్తారు.

ఈ నెలలో ఒక పూట ఏదైనా ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర కూర్చుని రా. ఒక్క క్లెయిము ఎవరెవరి దగ్గర ఎంతసేపు ఆగిందో టైము వేసి రాసుకో. ఆ కాగితం ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి.

మీ పెద్దనాన్న