ఎంపీసీ అమ్మాయి హిస్టరీ చదువుతానంటోంది

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్‌లోకి వచ్చింది. వేసవి సెలవుల్లో నెహ్రూ రాసిన ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ చదివి, ఇంజినీరింగ్ వద్దు, బీఏ హిస్టరీలో చేరతానంటోంది. ఒక్క పుస్తకం చదివి ఇంత పెద్ద నిర్ణయమా? రేపు ఉద్యోగం ఎలా అని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ వయసులో అంత లావు పుస్తకాన్ని చివరిదాకా చదివిందంటే ముందు సంతోషించండి. నెహ్రూ 1944లో అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉంటూ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అయిదు నెలల్లో దాన్ని రాశారు. చేతిరాతలో వెయ్యి పేజీలు అయింది. పెద్ద లైబ్రరీ అందుబాటులో లేదు. మౌలానా ఆజాద్, నరేంద్రదేవ్ లాంటి తోటి ఖైదీలతో చర్చలే పెద్ద సాయం. మన పట్టాభి సీతారామయ్య గారూ అదే కోటలో బందీగా ఉన్నారు.

మీ అమ్మాయికి ఇంకో సంగతి చెప్పండి. నెహ్రూ కేంబ్రిడ్జిలో చదివింది కెమిస్ట్రీ, జియాలజీ, బోటనీ. ఈ పుస్తకాన్ని గట్టిగా విమర్శించిన డి.డి. కోశాంబి గణితవేత్త. పాత నాణేలను తూచి, ఆ బరువుల లెక్కలతో చరిత్రను చదివారాయన. కాబట్టి ఎంపీసీ వృథా అవుతుందన్న దిగులు వద్దు.

అయితే చరిత్ర పుస్తకం చదవడం వేరు, చరిత్ర పని చేయడం వేరు. నెహ్రూ కథ చెప్పినట్టు రాశారు కాబట్టి హాయిగా చదువుకుపోవచ్చు. డిగ్రీలో, ఆ తర్వాత చేయాల్సింది పాత రాతి శాసనాలు, రికార్డులు, ఒకదానితో ఒకటి పొసగని ఆధారాలతో కుస్తీ. అది నచ్చుతుందో లేదో ఇప్పుడే చూడొచ్చు. అమరావతి మీకు గంట ప్రయాణం. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చినప్పటి నుంచి అక్కడి బౌద్ధ స్తూపం శిల్పాలు ఎలా చెదిరిపోయాయి, చెన్నై మ్యూజియానికి ఏవి చేరాయి, లండన్‌కు ఏవి వెళ్లాయి, ఇక్కడ ఏం మిగిలాయి? దీని మీద నాలుగు పేజీలు రాయమనండి. ప్రతి మాటకూ అది ఎక్కడ దొరికిందో పక్కనే రాయాలి. మూడో రోజుకే విసుగొస్తే తనకు ఇష్టం చదవడమే అనుకోండి, అదేం తప్పు కాదు. ఇంకా వెతుకుతాను, చెన్నై తీసుకెళ్లండి అని అడిగితే మాత్రం ఆపకండి.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. బీఏతోనే మంచి జీతం రావడం కష్టం, కనీసం ఎంఏ దాకా వెళ్లాలి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదట్లో నెలకు రూ.37,000 ఫెలోషిప్ ఉంటుంది. బీఈడీ చేస్తే డీఎస్సీలో సోషల్ స్కూల్ అసిస్టెంట్ పోస్టులకు పోటీపడవచ్చు. కేంద్ర పురావస్తు శాఖకు గ్రేటర్ నోయిడాలో సొంత శిక్షణ సంస్థ ఉంది, ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడాది డిప్లొమా ఉంది. శాసనాలు చదవగలిగే యువత తక్కువ. సంస్కృతం, ప్రాకృతం నేర్చుకునే ఓపిక ఉంటే అది నిజంగా మంచి దారి. సివిల్స్, గ్రూప్స్‌కు పనికొస్తుందన్న ఒక్క కారణంతో మాత్రం హిస్టరీలో చేర్చకండి. ఆ పరీక్షలు ఏ డిగ్రీతోనైనా రాయొచ్చు.

కాలేజీ విషయంలో రాజీ పడొద్దు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. దానికీ ఢిల్లీ కాలేజీలకూ సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. ఏ పేపర్లు రాయాలో యూనివర్సిటీని బట్టి మారుతుంది, ఏడాది మొదట్లో వచ్చే నోటిఫికేషన్ చూసుకోండి. దగ్గర్లోనే ఉంచాలనుకుంటే విజయవాడలో పాత, పేరున్న డిగ్రీ కాలేజీలున్నాయి. చేర్చేముందు అక్కడ హిస్టరీకి పర్మినెంట్ లెక్చరర్లు ఎందరున్నారో కనుక్కోండి.

ఈ ఏడాది మ్యాథ్స్ వదలనివ్వకండి. ఈఏపీసెట్, సీయూఈటీ రెండూ రాయించండి. అమరావతి మీద ఆ నాలుగు పేజీలు పూర్తయ్యాక మళ్లీ ఉత్తరం రాయండి, ఆ పేజీలూ జతచేయండి.