గంజాయి అలవాటు సంగతి ఆపరేషన్‌కు ముందు చెప్పాలా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. గజ్జల్లో హెర్నియాకు వచ్చే నెల ల్యాప్రోస్కోపీ చేస్తామన్నారు. మూడేళ్లుగా దాదాపు రోజూ రాత్రి గంజాయి పీలుస్తున్నాను. ఆసుపత్రిలో ఆ సంగతి చెప్పలేదు. చిన్న గాట్లతో చేసే ఆపరేషనే కదా, ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. నిజమేనా? – ఒక పాఠకుడు

జవాబు: ఇబ్బంది ఉండదని అనుకోవద్దు. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఇంట్లోవాళ్ల ముందు నోరు రాకపోతే విడిగా మాట్లాడాలని అడగండి. ఎంత వాడతారు, ఎన్నాళ్లుగా, పీలుస్తారా తింటారా, చివరిసారి ఎప్పుడు? ఈ నాలుగూ తెలిస్తేనే మందుల మోతాదు సరిగ్గా లెక్క కుదురుతుంది.

రోజూ వాడేవారికి మత్తు ఎక్కడానికి మామూలు కంటే ఎక్కువ మందు పట్టవచ్చు. గంజాయి నొప్పిని తగ్గిస్తుందని చాలామంది నమ్మకం. కానీ రోజూ వాడేవారికే ఆపరేషన్ తర్వాత నొప్పి ఎక్కువగా ఉండటం, నొప్పి మందులు ఎక్కువ అవసరం కావడం తరచూ కనిపిస్తుంది. పొగకు రేగిన శ్వాసనాళాలు, ఊపిరి కోసం గొంతులో గొట్టం వేసేటప్పుడు బిగుసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. ఇక ఆ తర్వాత వచ్చే దగ్గు! హెర్నియా ఆపరేషన్ అయిన మనిషి దగ్గొచ్చిన ప్రతిసారీ గజ్జను అరచేత్తో అదిమి పట్టుకోవాల్సిందే.

ల్యాప్రోస్కోపీలో గాయం చిన్నది, నొప్పి తక్కువ, త్వరగా పనుల్లో పడతారు. అయితే దానికి సాధారణంగా పూర్తి మత్తు ఇవ్వాలి, పొట్ట లోపల కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపాలి. తర్వాత కొందరికి వికారం, భుజం నొప్పి వస్తాయి. కోత పెట్టి మెష్ (వల లాంటి జాలీ) అమర్చే పద్ధతిలోనైతే నడుముకు ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌తోనే పని జరిగిపోవచ్చు, గొంతులో గొట్టం అక్కర్లేదు. మీకు ఏది మేలో సర్జన్, మత్తు డాక్టరు కలిసి తేల్చాలి. మీరు అలవాటు దాచిపెడితే వాళ్లు సగం సమాచారంతోనే నిర్ణయం తీసుకుంటారు.

నెల రోజుల వ్యవధి ఉంది కాబట్టి ఈ రోజే మానేయండి. నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఆకలి లేకపోవడం మొదటి వారంలో బాగా బాధిస్తాయి, చాలామందికి రెండు వారాల్లో తగ్గుముఖం పడతాయి. కుట్ల నొప్పితో పాటు పడటం కంటే ఆ బాధ ముందే పడటం నయం. పొగాకు కలిపి పీలుస్తుంటే అదీ మానాలి, దానివల్ల గాయం ఆలస్యంగా మానుతుంది.

గంజాయి పీల్చాక కనీసం 2 గంటలైనా ఆపరేషన్ వాయిదా వేయాలని 2023లో అమెరికా మత్తు వైద్యుల మార్గదర్శకాలు సూచించాయి, ఆ సమయంలో గుండెపోటు ముప్పు పెరుగుతుంది కాబట్టి. దీన్ని రెండు గంటల ముందు వరకు పీల్చవచ్చనే అనుమతిగా తీసుకోకండి. ఆపరేషన్ తర్వాత ట్రమడాల్ లాంటి నొప్పి మందులు ఇస్తే వాటితో గంజాయి అసలే వద్దు, మగత ప్రమాదకరంగా ముదురుతుంది.

మానలేకపోయినా డాక్టరుకు ఆ మాటే చెప్పండి, తేదీ మార్చవచ్చు. ఈలోగా హెర్నియా ఉబ్బు గట్టిపడి, లోపలికి పోకుండా, నొప్పి, వాంతులు మొదలైతే మాత్రం క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. చివరిసారి ఎప్పుడు పీల్చారో చేరగానే చెప్పండి.