పదో తరగతి కెమిస్ట్రీ పుస్తకం మీద టీచర్ల మాట, పిల్లల మాట ఎందుకు కలవదు?

ఒకే పుస్తకంలో ఇద్దరూ వెతికేది వేరు. టీచర్లు పాఠాల వరుస, ప్రయోగాలు చూస్తారు. పిల్లలు పరీక్ష టెన్షన్‌లో ఏ సమీకరణం వస్తుందోనని చూస్తారు.

నేను భీమవరం దగ్గర పాఠం చెబుతాను. చాలామంది పిల్లల ఇళ్లలో రొయ్యల చెరువులున్నాయి. నీటి పీహెచ్ తగ్గితే, అంటే నీటిలో ఆమ్ల గుణం పెరిగితే, సున్నం చల్లాలని వాళ్లకు బాగా తెలుసు. అదే పిల్లలు, ఆ పనికే పుస్తకంలో ఉన్న పేరు ‘తటస్థీకరణం’ దగ్గర ఆగిపోతారు. ద్విభాషా పుస్తకం కదా అని ఎదురు పేజీ చూస్తే, అక్కడ ‘న్యూట్రలైజేషన్’ ఇంకో కొత్త మాట! ఇందులో తప్పు పిల్లలది కాదనే నేనంటాను.

పసుపు ఒక సూచిక, అంటే రంగు మారి క్షారాన్ని పట్టిచ్చేది అని చదివించి వదిలేస్తే గుర్తుండదు. తడి పసుపులో చిటికెడు సున్నం కలిపి చూపిస్తాను. ఎర్రబడగానే “ఇది పారాణి కదండీ!” అంటారు. సరిపడా నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగే. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు వస్తాయని అప్పుడు చెబితే సమీకరణం వాళ్లే రాస్తారు.

టీచర్లకూ ఇబ్బంది ఉంది. సిలబస్ పూర్తిచేయాలి, ఇలాంటివాటికి పీరియడ్లు చాలవు. నేనైతే ఈ ఒక్క పాఠానికి మాత్రం రెండు పీరియడ్లు ఎక్కువే తీసుకుంటాను.