పెళ్లి ఫొటోలకు మొదటి డీఎస్ఎల్ఆర్: కొత్త బిగినర్ కెమెరానా, సెకండ్ హ్యాండ్‌లో పెద్దదా?

మీరు అడిగింది ఇది: ఉద్యోగం చేసుకుంటూనే శని, ఆదివారాల్లో చిన్న చిన్న ఫంక్షన్లకు డబ్బు తీసుకుని ఫొటోలు తీయాలనుకుంటున్నారు. చేతిలో 60 వేలు ఉన్నాయి. రెండు లెన్సులతో వచ్చే కొత్త బిగినర్ కెమెరా కొనాలా, సెకండ్ హ్యాండ్‌లో పెద్ద బాడీ (లెన్స్ లేకుండా కెమెరా ఒక్కటే) కొనాలా అని.

నేను కాకినాడలో తొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నా మాట సెకండ్ హ్యాండ్ వైపే. రెండు కార్డు స్లాట్లున్న నికాన్ డి7200 లాంటి బాడీ, ఎఫ్ 2.8 జూమ్ లెన్స్ ఒకటి (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది), ఫ్లాష్ ఒకటి. ఈ మూడింటిలో బాడీ మీద ఎంత తక్కువ ఖర్చు పెడితే అంత మంచిది.

నేను మొదట కొన్నది మీరు చూస్తున్నలాంటి సెట్టే. కెమెరాతో కలిపి ఇచ్చే 18-55 మిల్లీమీటర్ల కిట్ లెన్స్ ఒకటి, 70-300 ఒకటి. ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. పగటి వెలుగులో చక్కగా పనిచేశాయి. మా పిన్ని కూతురి పెళ్లిలో అసలు సంగతి తెలిసింది. ముహూర్తం రాత్రి 2:40కి. అడ్డుతెర ఉండగానే ఇద్దరూ జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు, తెర తీశారు, ఒకరినొకరు చూసుకున్నారు. మొత్తం కొన్ని సెకన్లు. ఆ కిట్ లెన్స్‌ని 55కి జూమ్ చేస్తే ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే శక్తి, 6400 పెట్టినా షట్టర్ వేగం 1/40 సెకను దాటలేదు. ముఖాల మీద గ్రెయిన్, చేతులు కదిలిపోయాయి, తలంబ్రాలైతే తెల్లటి గీతల్లా వచ్చాయి. మా చెల్లి ఏమీ అనలేదు కానీ, ఆల్బమ్‌లో ఆ పేజీకి పక్క స్టూడియో అతని ఫొటో వాడుకోవాల్సి వచ్చింది.

అదే చోట ఎఫ్ 2.8 లెన్స్ ఉంటే వెలుతురు నాలుగు రెట్లు లోపలికి వచ్చేది. ఐఎస్ఓ మార్చకుండానే షట్టర్ 1/160 అయ్యేది. కొత్త బాడీ ఎంత గొప్పదైనా ఈ తేడాను పూడ్చడం కష్టం. అందుకే డబ్బు ముందు లెన్స్‌కి పోవాలంటున్నాను. టామ్రాన్ 17-50, సిగ్మా 17-50 రెండూ అంతటా ఎఫ్ 2.8 ఇస్తాయి, సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతాయి. స్టేజి మీద ఇరవై మంది బంధువులు నిలబడితే 17 కావాలి, అమ్మాయి కళ్లలో నీళ్లు తీయాలంటే 50 కావాలి. 50 ఎఫ్ 1.8 లెన్స్ చవకే, తర్వాత తప్పకుండా కొనండి. కానీ ఈ చిన్న సెన్సార్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్) బాడీల మీద అది 75లా కనిపిస్తుంది. మండపం చుట్టూ జనం ఉన్నప్పుడు వెనక్కి జరగడానికి చోటుండదు.

రెండు స్లాట్ల విషయం మాత్రం నాకు చాలా ముఖ్యం. మూడేళ్లు ఒకే స్లాట్ ఉన్న కెమెరాతో నెట్టుకొచ్చాను. ఒక ఓణీల ఫంక్షన్‌లో కార్డు మధ్యలో పాడైంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో సగం వచ్చాయి. ఆ పాపకు వాళ్ల అమ్మమ్మ అక్షింతలు వేసిన ఫొటోలు రాలేదు. డబ్బు మొత్తం తిరిగి ఇచ్చేశాను, అయినా వాళ్లింటి ముందు నుంచి వెళ్లడానికి చాలాకాలం మనసొప్పలేదు. డి7200లో రెండు ఎస్‌డీ కార్డులు పెట్టి ప్రతి ఫొటోనూ రెండింట్లోనూ రాసేలా సెట్ చేయవచ్చు. దాని తర్వాత 2017లో వచ్చిన డి7500లో ఒక్క స్లాటే ఉంది. కొత్త మోడల్ కదా అని అటు వెళ్లకండి. కెనాన్ 80డి మంచి కెమెరా, వీడియో ఫోకస్ బాగుంటుంది, కానీ అందులోనూ ఒకటే. కెనాన్‌లోనే కావాలంటే 7డి మార్క్ 2 చూడండి, ఒక సీఎఫ్ కార్డు, ఒక ఎస్‌డీ కార్డు పడతాయి.

డి7200లో ఇంకో లాభం, బాడీలోనే ఫోకస్ మోటార్ ఉంది. పాత 50 ఎఫ్ 1.8డి, 85 ఎఫ్ 1.8డి లెన్సులు దాని మీద ఆటోఫోకస్ అవుతాయి. డి3500, డి5600 మీద అవే లెన్సులు చేత్తో తిప్పుకోవాలి.

ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సార్ కెమెరా, ఇప్పుడే వద్దు. కెనాన్ 6డి లాంటి పాత బాడీ అందుబాటు ధరలో కనిపిస్తుంది కానీ, దానికి సరిపడే ఎఫ్ 2.8 జూమ్‌కి మీ బడ్జెట్ చాలదు.

ఫ్లాష్ సంగతి. హాల్‌లో తెల్లటి సీలింగ్‌కి కొట్టి దింపితే వెలుతురు మెత్తగా పడుతుంది. పల్లెటూరి పెళ్లిలో ఎర్రటి షామియానా గుడ్డకు కొడితే ముఖాలు కూడా ఎర్రగా వస్తాయి. అక్కడ వెలుతురును మెత్తబరిచే డిఫ్యూజర్ పెట్టి నేరుగా తక్కువ పవర్‌తో వాడండి, రంగులు తర్వాత సరిదిద్దుకునేలా రా ఫైల్‌లోనే తీయండి. ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోలో అడ్డచారలు వస్తుంటే షట్టర్‌ని 1/100కి దించి చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలాసార్లు సరిపోతుంది.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్తరకం కెమెరాల) రోజుల్లో, అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్ ఎందుకని ఎవరైనా అంటారు. నిజమే, నికాన్, కెనాన్ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ తేలేదు. మనకు మంచి బాడీలు, లెన్సులు తక్కువకు దొరుకుతున్నది కూడా అందుకే. రేపు మారినా కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్ఎఫ్ మిర్రర్‌లెస్ బాడీల మీద పనిచేస్తాయి. నికాన్‌లో ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ ఉంది, అయితే ఇందాక చెప్పిన పాత డి లెన్సులకు దాంట్లో ఆటోఫోకస్ రాదు.

కొనేటప్పుడు షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఆ లెక్క, అడగండి. నికాన్‌లో అప్పుడే తీసిన జేపెగ్ ఫైల్‌లోనే ఆ అంకె ఉంటుంది. డి7200 షట్టర్‌ని 1,50,000 క్లిక్‌లకు పరీక్షించినట్టు కంపెనీ చెప్పింది. 50 వేల లోపు ఉన్నది చూసుకోండి. కెనాన్‌లో చాలా మోడళ్లకు ఫొటో ఫైల్‌లో ఈ అంకె ఉండదు, సాఫ్ట్‌వేర్ కావాలి. కౌంట్ మరీ తక్కువ ఉంటే వీడియోకి వాడారా అని కూడా అడగండి. గంటల తరబడి వీడియో తీసినా షట్టర్ కౌంట్ పెద్దగా పెరగదు. రెండు స్లాట్లలో కార్డులు పెట్టి తీయండి, ఫ్లాష్ తగిలించి పేల్చి చూడండి, ఎఫ్ 16లో తెల్లగోడను తీసి మచ్చలు వెతకండి. లెన్స్ లోపలికి ఫోన్ టార్చ్ వేసి సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే వదిలేయండి, అది ఫంగస్. మా సముద్రపు గాలికి ఇది మరీ ఎక్కువ. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, తెలిసినవాళ్ల దగ్గర కొన్నా బిల్లు మీద సీరియల్ నంబర్, కెమెరా కింద నంబర్ ఒకటేనా చూడండి.

డబ్బు కట్టేముందు మీ ఊళ్లో పెళ్లిళ్లు తీసే ఒక సీనియర్‌ని అడిగి, ఆయన స్పేర్ బాడీతో ఒక రాత్రి పెళ్లికి సెకండ్ కెమెరాగా వెళ్లండి. ఆయనది కెనాన్ అయి, మీరు తరచూ ఆయనతోనే పనిచేయబోతుంటే, నేను చెప్పిన నికాన్ పక్కన పెట్టి కెనాన్ తీసుకోండి. అవసరమైన రోజున ఆయన లెన్స్ మీ కెమెరాకు పడుతుంది.