అమ్మలూ, ఆ చెయ్యి దాచుకోకు

నరసాపురం

బంగారు తల్లీ,

నిన్న వీడియో కాల్‌లో నిన్ను చూశాక రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మొహం పీక్కుపోయిందని కాదు. రొమ్ము కేన్సర్ ఆపరేషన్ అయి ఆరు రోజులేగా, ఆ మాత్రం ఉంటుంది. ఆ పక్క చేతిని ఒంటికి అంటించుకుని, పైన కొంగు కప్పుకుని కూర్చున్నావు చూడు, అది చూసే బెంగ పట్టుకుంది. పదకొండేళ్ళ కిందట ఇదే ఆపరేషన్ అయ్యాక నేనూ అచ్చం అలాగే కూర్చున్నాను. కదిపితే కుట్లు ఊడిపోతాయని భయం. మూడు వారాలు గడిచేసరికి చెయ్యి జాకెట్టులోకి దూరలేదు. జడ వేసుకుందామంటే చెవి దాకా కూడా లేవలేదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కాగితం మీద రాస్తున్నాను. తలగడ పక్కన పెట్టుకో.

"మందులు ఎలాగూ వేసుకుంటున్నా పెద్దమ్మా, సహజంగా మానడానికి ఇంకేం చెయ్యాలి?" అని అడిగావు. చాలా చెయ్యొచ్చు. అందులో ముందు చెయ్యి కదపడం.

గాయంలోంచి నీరు లాగే డ్రెయిన్ గొట్టం ఉన్నన్నాళ్ళు చేతిని భుజం ఎత్తు దాటించకు. ఆ ఎత్తు లోపల మాత్రం కదుపుతూనే ఉండాలి. పిడికిలి బిగించి వదలడం, మోచెయ్యి మడిచి చాపడం, భుజాలు గుండ్రంగా తిప్పడం. ఒక్కోటి పదేసి సార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. కాఫీ గ్లాసు పట్టుకోవడం, అన్నం కలుపుకోవడం లాంటి చిన్న పనులు ఆ చేత్తో చేసుకో, ఏమీ కాదు. నీళ్ళ బకెట్టు, పిల్లాడు, బియ్యం సంచి మాత్రం నెలా నెలన్నర ముట్టుకోకు.

గొట్టం తీశాక డాక్టరు గారు సరే అంటే గోడ దగ్గరికి వెళ్ళు. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళు ఆనించి, సాలీడు పాకినట్టు ఒక్కొక్క వేలే పైకి జరుపు. ఇక ఎక్కదన్న చోట పది అంకెలు లెక్కపెట్టి, అలాగే కిందికి దించు. చర్మం లాగినట్టు ఉంటే పరవాలేదు, పొడిచినట్టు ఉంటే ఆగిపో. మా నడవాలో గోడ మీద నా పెన్సిలు గీతలు ఇప్పటికీ ఉన్నాయి. మొదటి గీత స్విచ్చి బోర్డు పక్కన. చివరిది కేలెండర్ మేకు దగ్గర. మధ్యలో ఒక చోట పన్నెండు రోజులు ఒకే గీత మీద గీత పడి అక్కడ సున్నం కూడా ఊడింది. బోర్డు దగ్గర్నుంచి మేకు చేరడానికి నాకు ఐదు నెలలు పట్టింది, మూడు వారాలు చెయ్యి కదపకుండా కూర్చున్నందుకు. నీకు అంత పట్టకూడదు.

కొన్ని వారాల తర్వాత చంకలోంచి మోచేతి వైపు తాడు బిగించినట్టు ఒక తీగ తేలొచ్చు. చెయ్యి చాపితే చర్మం కింద కనిపిస్తుంది కూడా. నరం తెగిందేమో అని హడలిపోయాను నేను. అది చాలామందికి వచ్చేదేనని, సాగదీసే వ్యాయామాలతో పోతుందని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది, అలాగే పోయింది. పై చేతి లోపలి వైపు మొద్దుబారడం కూడా మామూలే, అక్కడి సన్నని నరం ఆపరేషన్‌లో దెబ్బతింటుంది. ఆ చోట వేడినీళ్ళ సంచి మాత్రం పెట్టకు. కాలినా తెలియదు.

ఆ గొట్టం చివరి డబ్బాని చూసి అసహ్యపడకమ్మా. లోపల చేరే నీటిని బయటికి లాగేస్తూ నీకు మేలు చేస్తోంది. పొద్దున్నా సాయంత్రమూ ఎంత వచ్చిందో కొలిచి ఒక నోటుబుక్కులో రాయి. మొదట రక్తంలా ఉంటుంది, తర్వాత పలచటి టీ రంగు, ఆఖరికి గంజి తేటలా అవుతుంది. ఇరవైనాలుగు గంటలకు 30 మిల్లీలీటర్ల లోపు వరసగా రెండు రోజులు వస్తే మామూలుగా తీసేస్తారు. పాత జాకెట్టు గుడ్డతో చిన్న సంచి కుట్టించుకుని డబ్బాని అందులో పెట్టి మెడకు తగిలించుకో, గొట్టం లాగకుండా ఉంటుంది. తీసేశాక లోపల నీరు చేరి తిత్తిలా ఊగితే ఇంట్లో నొక్కకు, కాపడం పెట్టకు. హాస్పిటల్‌కి వెళ్తే, అవసరమనుకుంటే సూదితో లాగేస్తారు.

ఇక తిండి. దీని మీద నాకు కాస్త కోపమే ఉంది. మీ అత్తగారు మంచావిడ. నీ మీద ప్రేమతోనే పప్పు, గుడ్డు, చేప అన్నీ మానిపించి చారన్నం పెడుతున్నారు. పప్పు తింటే చీము పడుతుందన్న మాట నేనూ మా అమ్మ దగ్గర్నుంచి వింటూ పెరిగినదాన్నే. కానీ చీము పట్టేది క్రిములు చేరితే. తెగిన చోట కొత్త కండ, కొత్త చర్మం కట్టాలంటే మాంసకృత్తులు కావాలి. ఈ సమయంలో ఒంటి బరువు కిలోకి గ్రాము పైన, గ్రామున్నర దాకా తినమంటారు. యాభై ఐదు కిలోల దానివి, డెబ్బై గ్రాములన్నా పడాలి నీకు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. చారన్నంతో ఎక్కడికి వస్తుంది చెప్పు? పొద్దున్న రెండు గుడ్లు, మధ్యాహ్నం ముద్దపప్పు, గట్టి పెరుగు, సాయంత్రం ఉడికించిన శనగలు, రాత్రికి చేప ముక్క. మన వైపు ఆపరేషన్ అయినవాళ్ళకి కొరమీను పెట్టడం ఎప్పటి నుంచో ఉంది, అది మంచి అలవాటు. కారం, నూనె తగ్గించి పులుసు పెట్టమని చెప్పు. రోజూ ఒక దోరజామకాయ తిను, గాయం అతుక్కోవడానికి కావలసిన సి విటమిన్ ఆ ఒక్క కాయలోనే కావలసినంత ఉంటుంది. నొప్పి బిళ్ళలకు మలబద్ధకం వస్తుంది కాబట్టి తోటకూర, మజ్జిగ, నీళ్ళు ఎక్కువ తీసుకో.

నీకు షుగర్ ఉంది, అది మర్చిపోకు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆత్రేయపురం పూతరేకులో, తాపేశ్వరం కాజాలో తెస్తారు, "ఒక్కటి తింటే ఏమవుతుందిలే" అని నోట్లో పెట్టబోతారు. పిల్లలకిచ్చెయ్యి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే గాయం ఆలస్యంగా మానుతుంది, క్రిములూ తొందరగా పడతాయి. కొబ్బరి బోండాలు కూడా రోజుకు మూడు నాలుగు తాగేస్తున్నావట. మన చెట్లవే అయినా అందులోనూ తీపి ఉంది, ఒకటి చాలు.

పసర్ల సంగతి రాయాలంటే నా చెయ్యి కాస్త ఆగుతోంది. నాకు కుట్లు తీసిన వారానికి తెలిసినావిడ ఒకరు ఎవరో నాటు వైద్యుడి దగ్గర్నుంచి ఆకు పసరు తెచ్చింది. రెండు రోజులు రాసుకున్నాను. మూడో రోజు మచ్చ చివర ఎర్రబడి, ముట్టుకుంటే పెనంలా కాలింది. ఆ రాత్రి చలిజ్వరం. నాలుగు రోజులు హాస్పిటల్‌లో సెలైన్ ఎక్కించుకున్నాను. మూసుకున్న గాయం అంగుళం మేర మళ్ళీ తెరుచుకుంది. ఆవిడ చెడు తలచి చెయ్యలేదు, నేనే వద్దనలేకపోయాను. నువ్వు వద్దను. పసుపు కూడా గాయం మీద వద్దు. పొడిలో ఏం కలిసిందో తెలియదు. పైగా ఆ రంగు కింద చర్మం ఎర్రబడినా కనపడదు. కూరలో, పాలలో చిటికెడు వేసుకుంటే చాలు. సహజమైనవేనని షాపులో అమ్మే పసుపు గొట్టం మాత్రలు, వెల్లుల్లి మాత్రలు, చేపనూనె మాత్రలు డాక్టరు గారికి చూపించకుండా మింగకు. కొన్ని రక్తం గడ్డకట్టనివ్వవు, కొన్ని కీమో మందులతో పడవు.

కొబ్బరినూనెకి టైముంది. పక్కులన్నీ రాలి, చర్మం పూర్తిగా మూసుకుని, ఆరు వారాలు దాటాక అడిగి మొదలుపెట్టు. రెండు వేళ్ళకి కాస్త నూనె అద్దుకుని మచ్చ మీద చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు ఐదు నిమిషాలు. అలా చేస్తే మచ్చ కింది కండకు అతుక్కుపోకుండా మెత్తబడుతుంది. రేడియేషన్ పెడితే మాత్రం ఆ రోజుల్లో వాళ్ళు చెప్పింది తప్ప ఏదీ రాయకు. పైకి మానినట్టు కనిపించినా లోపల పని నెలల తరబడి సాగుతుంది. మూడు నెలలకి కూడా ఆ చోటికి పాత బలంలో నూటికి ఎనభై వంతులే వస్తుందట.

మన నేల సంగతి నీకు తెలుసు, ఎప్పుడూ చెమటే. పలచటి నూలు జాకెట్టు, ముందు హుక్స్ ఉన్నది వేసుకో. చంక తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దు. గాయం పూర్తిగా మానేదాకా కాలువలో, చెరువులో, గోదావరిలో మునగకు. రానున్నది పుణ్యదినమైనా సరే, నెత్తిన చల్లుకుంటే చాలు.

నీకు చంకలో గ్రంథులు తీశారు కాబట్టి ఒక జాగ్రత్త ఎప్పటికీ ఉంటుంది. చేతిలోంచి నీరు పైకి వెళ్ళే దారులు తగ్గాయి, అందుకే కొందరికి చెయ్యి వాస్తుంది. రెండో ఏడు నాకు కొంచెం వస్తే "బోదకాలు చేతికొచ్చింది" అన్నారు వీధిలో. మన జిల్లాల్లో బోదకాలు చూసి చూసి ఉన్నారు కదా, అలాగే అనుకుంటారు. అక్కడ దోమ తెచ్చిన పురుగులు ఆ దారుల్ని పాడుచేస్తాయి. మనకి ఆపరేషన్‌లో తగ్గాయి. ఇది అంటుకునేది కాదు, ఎవరన్నా అంటే నెమ్మదిగా చెప్పు. గాజులు, ఉంగరం బిగుతయినట్టు అనిపించిన రోజే డాక్టరు గారికి చూపించు, మొదట్లోనే అయితే బిగుతు తొడుగుతో అదుపులో ఉంటుంది. కత్తిపీట మీద చేపలు కోసేటప్పుడు, పెరట్లో మట్టి పని చేసేటప్పుడు గ్లవుజులు వేసుకో. గీరుకుంటే వెంటనే సబ్బుతో కడిగి మందు రాయి. సూదులు, బీపీ పట్టీ రెండో చేతికి పెట్టమని అడుగు.

చెయ్యి గానీ గాయం గానీ ఎర్రబడి వేడెక్కినా, చీము కారినా, వంద దాటి జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా పొద్దున్న చూద్దాంలే అనుకోకు. ఎంత రాత్రయినా ఆటో కట్టించుకుని అమలాపురం వెళ్ళిపో.

అద్దం ముందు నిలబడ్డావో లేదో అడగలేకపోయాను. నేను పదిహేను రోజులు చూసుకోలేదు. కట్టు మార్చే సిస్టర్ గదిలో ఉండగా చూసుకున్నాను, ఆవిడ పక్కన కూర్చుని ఏడవనిచ్చింది. నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడే, ఒంటరిగా మాత్రం వద్దు. నేనొచ్చాక చూద్దాం.

నెల తిరిగాక నేను మళ్ళీ లేసు సూది పట్టుకున్నాను. చెయ్యి పెద్దగా ఎత్తక్కర్లేని పని, వేళ్ళు కదులుతూ ఉంటాయి. అప్పుడే నా కోసం, తీసేసిన రొమ్ము చోట లోపాడీలో పెట్టుకునేది ఒకటి అల్లుకున్నాను. మధ్యలో ఆరు గొలుసులతో మొదలుపెట్టి, వరసకి ఆరు కన్నాలు పెంచుకుంటూ పోయి, తర్వాత పెంచకుండా అల్లితే కటోరిలా తిరుగుతుంది. వెనక చదునుగా ఇంకో బిళ్ళ అల్లి కలిపి లోపల దూది కూరాను. దూది తేలిక కదా, పైకి జరిగిపోయేది, అందుకని లోపాడీకి రెండు చిన్న కాజాలు కుట్టి తగిలించుకునేదాన్ని. తర్వాత సిలికాన్‌ది కొనుక్కున్నాను గానీ వేసవిలో ఇప్పటికీ ఈ నూలుదే హాయిగా ఉంటుంది. నీకూ ఒకటి అల్లాను, మీగడ రంగు దారంతో. గాయం నొప్పి పూర్తిగా పోయాకే పెట్టుకోవాలి, అప్పటిదాకా బీరువాలో ఉంచుకో.

శుక్రవారం పొద్దున్న మొదటి పంటు పడవకి రేవు దాటి సఖినేటిపల్లిలో బస్సెక్కుతాను. కొరమీను దొరికితే తెస్తాను. మీ గదికి ఈమధ్యే కొత్తగా రంగు వేయించారటగా, గోడ మీద పెన్సిలు గీతలంటే మీ అత్తగారు ఏమంటారో. ఆవిడతో నేను మాట్లాడతాలే.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ