జువాలజీ చదివిన అమ్మాయికి వ్యర్థజలాల పరీక్షల రంగంలో చోటుందా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. జువాలజీ, కెమిస్ట్రీ తన సబ్జెక్టులు. ఫ్యాక్టరీలు వదిలే నీటిలో ఏది ఎంత మించకూడదో నిర్ణయించడం, ఆ నీటి విషప్రభావాన్ని చేపలపై పరీక్షించడం తనకు నచ్చాయని, ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్‌లో చేరతానని అంటోంది. బంధువులేమో ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివించి ఫార్మాకు పంపమంటున్నారు. ఈ రంగంలో ఉద్యోగాలు ఉన్నాయా? చేపలను చంపే పని మాకు మనసొప్పడం లేదు కూడా.
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఉద్యోగాలు ఉన్నాయి. ఫార్మాలో ఉన్నన్ని లేవు, మొదటి రెండు మూడేళ్లు జీతం కూడా తక్కువగానే ఉంటుంది. ఆ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది. అయినా మీ అమ్మాయి ఎంచుకున్న దారినే నేను సమర్థిస్తాను, ఎందుకంటే జువాలజీ చదవడం ఈ పనికి లోటు కాదు, అదే ఆమెకు బలం.

1974 నాటి జల కాలుష్య చట్టం ప్రకారం పరిశ్రమలు వ్యర్థజలాలను బయటికి వదలాలంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి తప్పనిసరి. రోజుకు ఎన్ని కిలోలీటర్లు వదలవచ్చో, ఏ పదార్థం లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు మించకూడదో ఆ సమ్మతి పత్రంలో ఉంటుంది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల సాధారణ ప్రమాణాల ప్రకారం వాగులు, నదుల్లోకి వదిలే నీటిలో లీటరుకు బీఓడీ (సేంద్రియ మలినాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 30, సీఓడీ (మలినాలను రసాయనికంగా ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్) 250, విషపూరితమైన హెక్సావలెంట్ క్రోమియం 0.1 మిల్లీగ్రాములు దాటరాదు. ఈ పట్టిక చూసి అంకెలు ఎత్తి రాయడమే పని అని చాలామంది అనుకుంటారు, కానీ అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. నీరు చేరే వాగు స్థితిని బట్టి, కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేసి, అంతకంటే కఠినమైన పరిమితి విధించే అధికారాన్ని అవే నియమాల్లోని మూడో నియమం మండలికి ఇచ్చింది. ఆ కారణాలను లెక్కతో సహా రాయగల మనుషులు కావాలి.

ఆ లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చెబుతాను. ఒక ఫ్యాక్టరీ రోజుకు 500 కిలోలీటర్ల నీటిని సరిగ్గా 30 బీఓడీతో వదులుతోందనుకుందాం. అది చేరే వాగులో రోజుకు 5,000 కిలోలీటర్లు పారుతున్నాయి, ఆ నీటి బీఓడీ 2. రెండూ కలిసిన చోట బీఓడీ సుమారు 4.5 అవుతుంది. స్నానాలకు పనికివచ్చే నీటిలో బీఓడీ 3 మించకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ చెబుతోంది. అంటే ఫ్యాక్టరీ నిబంధన దాటలేదు, వాగు మాత్రం చెడిపోయింది. వాగులో 3 నిలవాలంటే ఫ్యాక్టరీకి 13 మించని పరిమితి పెట్టాలి. వేసవిలో కృష్ణా డెల్టా కాలువలు కట్టేసే రోజులను తలచుకోండి, వాగు ప్రవాహం 500 కిలోలీటర్లకు పడిపోతే కలిసిన నీటి బీఓడీ 16కు చేరుతుంది. అందుకే ఏడాది సగటు ప్రవాహాన్ని కాకుండా, నీరు అతి తక్కువగా ఉండే రోజుల ప్రవాహాన్ని తీసుకుని లెక్క కట్టాలి. అమెరికాలో 1972 నాటి స్వచ్ఛ జల చట్టం కింద ఇచ్చే అనుమతుల్లో శుద్ధి సాంకేతికతను బట్టి ఒక పరిమితి, నీరు చేరే నదిని బట్టి మరొక పరిమితి లెక్కించి, రెండింటిలో కఠినమైనదాన్ని ఖాయం చేస్తారు.

ఇక చేపల పరీక్ష. రసాయన విశ్లేషణలో మనం వెతికిన పదార్థాలే కనబడతాయి, వెతకనివి కనబడవు. విడివిడిగా పరిమితి లోపలే ఉన్న పదార్థాలు కలిసినప్పుడు ఏం చేస్తాయో కూడా ఆ రిపోర్టు చెప్పదు. అందుకే ఏమీ కలపని, నూరు శాతం వ్యర్థజలంలో 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతికి ఉండాలని మన ప్రమాణాల్లోనే ఉంది. ఒకే సైజు చేపలను ఎంచి, ముందురోజు మేత ఆపి, మంచి నీటి తొట్టిని పోలికకు పక్కన పెట్టి, 24 గంటలకోసారి లెక్క చూసుకుంటారు. ఆ పోలిక తొట్టిలోనే పది శాతానికి మించి చేపలు చనిపోతే పరీక్ష చెల్లదు. చనిపోయాయని రాయడం సులువే, ఎందుకు చనిపోయాయో తేల్చడం కష్టం. నీటిలో ఆక్సిజన్ అడుగంటిందా, పీహెచ్ పెరిగి అమ్మోనియా విషంగా మారిందా, క్లోరిన్ మిగిలిపోయిందా, లేక ఏదైనా లోహమా? చేప మొప్పలు ఎలా పనిచేస్తాయో తెలిసిన విద్యార్థికి ఈ ప్రశ్నలు సహజంగా తడతాయి, కేవలం పరికరం నడపడం నేర్చిన వారికి తట్టవు.

మీ మనసులోని ఇబ్బంది న్యాయమైనదే. డాఫ్నియా అనే చిన్న నీటి జీవులతో 48 గంటల పరీక్ష, జీబ్రా చేపల పిండాలతో 2013లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఆమోదించిన పరీక్ష ప్రత్యామ్నాయాలుగా ఉన్నాయి. అయితే మన ప్రమాణం చేపల పేరే చెబుతోంది కనుక ఆమె ఆ పని అసలు చేయకుండా ఉండగలదని మాట ఇవ్వలేను. ఒక తొట్టిలోని కొన్ని చేపల వల్ల కాలువలోని చేపలన్నీ, ఆ నీళ్లు తాగే పశువులూ నిలుస్తాయన్నది నా నమ్మకం. దీనిపై నిర్ణయం మాత్రం ఆమెదే కావాలి.

చదువు విషయానికి వస్తే, ఏపీ పీజీసెట్ రాసి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్‌కు ప్రయత్నించవచ్చు, అది మీకు దగ్గర కూడా. తర్వాత గేట్‌లో 2021 నుంచి ఉన్న ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరు రాయవచ్చు. స్టాటిస్టిక్స్‌ను మాత్రం నిర్లక్ష్యం చేయనీయకండి, సగం చేపలను చంపే గాఢతను లెక్కించడం పూర్తిగా ఆ శాస్త్రమే. ఉద్యోగాలు ప్రధానంగా ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతను పరిశీలించి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబులలో, పర్యావరణ కన్సల్టెన్సీలలో, పెద్ద పరిశ్రమల పర్యావరణ విభాగాలలో ఉంటాయి. విజయవాడ ప్రధాన కార్యాలయంగా ఉన్న రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరు పోస్టులు ఇంజినీరింగ్ చదివినవారివి. ల్యాబులోని అనలిస్టు పోస్టులపై మీ అమ్మాయి దృష్టి పెట్టవచ్చు, అర్హత సబ్జెక్టులను నోటిఫికేషన్ వచ్చినప్పుడు సరిచూసుకోవాలి.

మొదటి ఉద్యోగానికి గుర్తింపు లేని ల్యాబులో, జీతం కాస్త ఎక్కువైనా, చేరనివ్వకండి. రిపోర్టులో అంకె సర్దమని అడిగే యజమాని దగ్గర పని నేర్చుకుంటే ఆ అలవాటు వదలదు, ఆ అంకెను నమ్మి కింది ఊరివాళ్లు నీళ్లు వాడుకుంటారు. సీటు తీసుకునే ముందు ఆ విభాగానికి ఒకసారి ఇద్దరూ వెళ్లి, విషప్రభావ పరీక్షలు అక్కడే చేయిస్తారా, ప్రాజెక్టుకు ఏ ల్యాబుకు పంపుతారు, నమూనాలు విద్యార్థులే స్వయంగా తెస్తారా అని అడగండి.