గీజరుకు కరెంటు ఇచ్చే ముందు

అమ్మలూ,

కొత్త ఇంట్లో గీజరు, ఏసీ పెట్టించుకుంటున్నావని తెలిసింది. గోడకు ఏ ప్లగ్ కనిపిస్తే దానికే తగిలించేస్తావేమోనని నా టెన్షన్.

ముందు గీజరు మీద ఎన్ని వాట్లని రాసి ఉందో చూడు. దాన్ని మన ఇళ్లకొచ్చే వోల్టేజి 230తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లు లాగుతుందో తెలుస్తుంది. 2000 వాట్లదైతే దాదాపు 9. ఫోను ఛార్జరు పెట్టుకునే చిన్న సాకెట్ 6 ఆంపియర్లదే కాబట్టి దీనికి 16 ఆంపియర్ల పవర్ సాకెట్ కావాలి. సాకెట్ ఒక్కటే పెద్దదైతే చాలదు, వెనక తీగ కూడా లావుగా ఉండాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు తగ్గకూడదు. గీజరుకూ ఏసీకీ నేనైతే 4 చదరపు మిల్లీమీటర్లది వేయిస్తాను. రెండింటికీ విడివిడిగా లైను లాగించి, దేని ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆగిపోయే, అంటే ట్రిప్ అయ్యే స్విచ్చు) దానికి పెట్టించు.

నాకు అన్నిటికన్నా భయం లూజు కనెక్షనంటేనే. స్క్రూ కింద తీగ సరిగ్గా బిగియకపోతే అక్కడ వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలవుతుంది. ఫ్యాను దగ్గర ఏళ్ల తరబడి బయటపడని లూజు, గీజరు దగ్గర ప్లగ్గును కరిగించేస్తుంది. ఎంసీబీ ఉందిగా అనుకోకు. లూజు వల్ల కరెంటు పెరగదు, అందుకే అది ట్రిప్ అవదు. కనిపెట్టాల్సింది నువ్వే. మొదటి వారం నీళ్లు కాగిన ప్రతిసారీ స్విచ్ ఆపి, పొడి చేత్తో ప్లగ్ పైభాగం తాకి చూడు. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చుర్రుమన్నా, కాలిన వాసన వచ్చినా, ప్లాస్టిక్ రంగు మారినా ఎంసీబీ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలువు.

ఎంసీబీ మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే పెద్దది వేసేద్దామంటారు కొందరు. ఒప్పుకోకు. అది ఉన్నది తీగను కాపాడటానికి. పెద్దది వేస్తే ముందు కాలేది తీగే.

మనిషిని కాపాడేవి ఎర్త్ (లీకైన కరెంటును భూమిలోకి పంపే తీగ), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు). ప్లగ్గుకు మూడు పిన్నులున్నంత మాత్రాన గోడ వెనక ఎర్త్ ఉన్నట్టు కాదు, పరీక్ష చేయించు. ఎర్త్ లేనిచోట న్యూట్రల్‌నే (కరెంటు తిరిగి వెళ్లే తీగనే) ఎర్త్ పిన్నుకు కలిపేసే వాళ్లున్నారు. న్యూట్రల్ తెగిందంటే గీజరు ఒళ్లంతా కరెంటే! 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కు. ట్రిప్ అవకపోతే వెంటనే మార్పించు.

గీజరుకైనా రూమ్ హీటరుకైనా ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దే వద్దు.

మెయిన్ ఆపి, టెస్టరుతో చూశాకే బోర్డు విప్పమను. స్క్రూలు బిగించాక ఒక్కో తీగనూ లాగి చూడమను. బోర్డు మూసే ముందు లోపలి ఫొటో పంపు, ఏ తీగ ఎక్కడికెళ్లిందో నేనూ చూస్తాను.

మీ బాబాయి